బిగించినవాడి సీటు

తమ్ముడు బ్యాగులో బట్టలు కుక్కుతుంటే అక్క పక్కనే నిలబడి వాటిని లాగి మంచం మీద పడేస్తోంది. వాడు ఒక చొక్కా పెడితే ఆమె దాంతోపాటు తువ్వాలు కూడా లాగింది. వాడు హెల్మెట్‌ని అడుగుకి దూర్చి, పైన మోకాలు పెట్టి అదిమాడు. ఆమె బ్యాగు పట్టీ పట్టుకుని మోకాలితో సహా గుంజింది.

"అక్కా, వదులు."

"వదలను."

"జిప్పు తెగిపోతుంది."

"తెగనీ. నోరు మూతపడని బ్యాగేసుకుని ఏ ఊరు వెళ్తావో నేనూ చూస్తా."

జిప్పు తెగింది. తెగిన ఊపుకి వాడి మోచెయ్యి వెనక్కి వచ్చి ఆమె మూతికి తగిలింది. పెదవి పంటికి గుచ్చుకుని చిట్లింది. నెత్తురు గడ్డం మీదికి దిగింది. వాడు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయి చూశాడు. ఆమె మాత్రం ఆ సందు చూసుకుని హెల్మెట్ తీసి వెనక్కి దాచుకుంది. నెత్తుర్ని వాడి మేజోడుతోనే తుడుచుకుంది.

కింద షెడ్డులో వెల్డింగు చేస్తున్న ఆమె భర్త ఆ గొడవకి మెట్లెక్కి వచ్చాడు. భార్య మూతి చూశాడు. ఏం జరిగిందని అడగలేదు. బావమరిది చెంప మీద లాగి ఒక్కటిచ్చాడు. వాడు వెళ్ళి ఇనప బీరువాకి కొట్టుకున్నాడు. బీరువా మీది అద్దం జారి నేలమీద పడి పగిలింది.

"చెయ్యి బాగా లేస్తోందే బావా!" అన్నాడు వాడు, చెవి రుద్దుకుంటూ.

"ఇంకో చెయ్యి కూడా ఉంది. మీ అక్క మూతి చూడరా ముందు."

"కావాలని కొట్టానా?"

"నేను కావాలనే కొట్టాను. లెక్క సరిపోయింది. ఇప్పుడు చెప్పు, ఎక్కడికి ప్రయాణం?"

ఎక్కడికో ముగ్గురికీ తెలుసు. రేవు దగ్గర కొత్తగా పెద్ద షెడ్డు ఒకటి పెట్టారు. వాళ్ళు సాయంత్రం లారీ పంపుతామన్నారు. వీడు పందేలకి నడిపే కారునీ, కారుతోపాటు వీణ్ణీ ఎక్కించుకుపోతారు. ఇంజిన్లు బాగుచేసే అక్క ఇక్కడ చెయ్యనన్న పని వాళ్ళు అక్కడ చేస్తారు. వీడిక అక్కడే పని చేసుకుంటూ, వాళ్ళ తరఫున పందేలకి వెళ్తాడు.

ఆ ఇంటి గుమ్మంలో సర్దిన బ్యాగు కనిపిస్తే అక్కకి పడదు. వాళ్ళ అమ్మ చిన్న సంచిలో రెండు చీరలు పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. సంచి వెనక్కి వచ్చింది. నాన్న విడిభాగం ఒకటి తెస్తానని పొద్దున్నే బస్సెక్కాడు. విడిభాగం వచ్చింది. బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని, దాన్ని తెచ్చిచ్చిన కండక్టరు చెప్పాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరు చెప్పులు వేసుకున్నా ఆమె ఏదో ఒక వంకతో వెనక్కి పిలిచేది. తాళం చెవి అనేది, గొడుగు అనేది, ఏమీ దొరక్కపోతే ఊరికే పిలిచి "ఏం లేదులే" అనేది.

వాళ్ళ గొడవంతా షెడ్డులో ఉన్న కారు గురించి. రెండు తలుపుల చిన్న కారు, పాత ఇటుక రంగు. పేరు ఉడుత. నాన్న చేతులతో కట్టిన ఇంజిన్ అది. తనకి కావలసిన గాలి తానే పీల్చుకుని పరిగెత్తుతుంది. పెడల్ మీద బొటనవేలు బరువు మారితే చాలు, వెంటనే పలుకుతుంది. ఇంజిన్ చుట్లు చూపే ముల్లు తొమ్మిది వేలు దాటాక అది వేసే కేకకి పక్కవీధి కిటికీలు కూడా అదిరేవి. మలుపుల్లో దాన్ని పట్టుకున్న బండి లేదు. కానీ కొండరోడ్డులో మలుపులయ్యాక పొడవాటి ఎత్తు ఒకటి వస్తుంది. అక్కడ క్వారీ యజమాని కొడుకు వెనకనుంచి ఈల వేసుకుంటూ వచ్చి దాటిపోయేవాడు. వాడి కారులో టర్బో ఉంది. సైలెన్సర్‌కి పోయే పొగ బలంతోనే తిరిగే చిన్న పంకా అది, బయటి గాలిని బలవంతంగా నొక్కి ఇంజిన్ గొంతులోకి తోస్తుంది. పోయినసారి దాటడమే కాదు, దాటుతూ దాటుతూ ఉడుతని గోడకేసి రాశాడు. తమ్ముడి నుదుటి మీద కుట్లు ఇంకా మానలేదు.

తమ్ముణ్ణి ఊళ్ళో అందరూ పటాసు అంటారు. ఎందుకంటారో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ముగ్గురూ షెడ్డులోకి దిగారు. పటాసు బల్లమీద ఒక అట్టపెట్టె విప్పి, నత్తగుల్ల ఆకారంలో ఉన్న టర్బోని తీసి పెట్టాడు. అక్క కళ్ళజోడు పెట్టుకుని, పంకాని వేలితో తిప్పి, అటూ ఇటూ ఊపి చూసింది. వస్తువు మంచిదే. అదే ఆమెకి కోపం తెప్పించింది.

ఆమె అరలోంచి పాత పిస్టన్ ఒకటి తీసి వాడి ముందు ఠంగుమని పెట్టింది. "నాన్న పెట్టిన పిస్టన్లు ఇలాంటివే. గాలిని ఇప్పటికే పీక నొక్కినట్టు నొక్కుతున్నాయి. దానికి నువ్వు నొక్కిన గాలిని తెచ్చి పోస్తానంటావు. వేడికి పెట్రోలు వేళ కాని వేళ అంటుకుంటుంది. పిస్టన్ కరుగుతుంది. లేదా పిస్టన్ కడ్డీ విరిగి ఇంజిన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. నీ కాళ్ళు ఎక్కడుంటాయిరా అప్పుడు?"

"పెడల్ మీద."

"పెడల్ ఎక్కడుంటుంది?"

"బరువు తగ్గిద్దాం," అన్నాడు బావ మధ్యలో. "వెనక సీట్లు పీకేస్తా. తలుపుల్లో ఇనుమంతా కోసేస్తా. నలుగురు మనుషుల బరువు తగ్గుతుంది."

"ఆ క్వారీవాడు నన్ను దాటేది ఎత్తులో బావా. సీట్లు పీకితే ఎత్తు తగ్గుతుందా? నిన్ను పీకినా తగ్గదు."

"నన్ను పీకితే మీ అక్క బరువు తగ్గుతుంది. ఆ మాట ఆమె నోటితో అనదు గానీ..."

పటాసు పిస్టన్‌ని చేత్తో తోసేశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి నూనె డబ్బాకి తగిలింది.

"రేవు షెడ్డువాళ్ళు ఇన్ని ప్రశ్నలు వెయ్యరు."

"వాళ్ళకి నాన్న ఇంజిన్ తెలుసా?"

"తెలీదు. అందుకే భయపడరు."

ఆమెకి ఆ మాట దెబ్బలా తగిలింది. తెలియనివాళ్ళు దాని పొట్ట విప్పుతారు. గాలి ఒత్తిడి ఎంత పెంచాలో తెలియక ఎంత పెరిగితే అంత పెంచుతారు. ఇంజిన్ పగిలినా కొత్తది దొరుకుతుంది, తమ్ముడు దొరకడు. పగలకపోయినా దొరకడు. ఆ బ్యాగుతో వెళ్ళినవాడు మళ్ళీ ఈ మెట్లెక్కడు. పెట్టనంటే పోతాడు. పెడితే చస్తాడేమో. పోవడం ఖాయం, చావడం ఏమో. ఆమె ఆ 'ఏమో'ని పట్టుకుంది.

"పెడదాం," అంది.

బావ చేతిలోని స్టూలు గోడకి తగిలి రెండు ముక్కలైంది. అతను ఎప్పుడు ఎత్తాడో, ఎప్పుడు విసిరాడో ఎవరూ చూడలేదు.

"మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఉంది. నేనే పెడతా. గ్యాస్కెట్ మందపాటిది వేస్తా, నొక్కుడు కొంత తగ్గుతుంది. గాలి ఒత్తిడి నేను పెట్టినంతే. అది ఎవడైనా పెంచాడో, చెయ్యి విరిచి చేతిలో పెడతా. ప్రతి బోల్టూ నేనే బిగిస్తా."

"నువ్వు బిగిస్తే పక్కన నువ్వే కూర్చోవాలి," అన్నాడతను నెమ్మదిగా.

"తెలుసు."

అది నాన్న పెట్టిన పద్ధతి. ఒకప్పుడు పనివాడొకడు బిగించకుండానే బిగించానని చెప్పాడు. ఆ కారు వాగులో పడి అందులో ఉన్నవాడి నడుం విరిగింది. నాన్న ఆ పనివాణ్ణి పెద్ద పానాతో షెడ్డు చుట్టూ తరిమి తరిమి కొట్టాడు. జనం వచ్చి పట్టుకోకపోతే చంపేసేవాడే. ఆ సాయంత్రమే పద్ధతి పెట్టాడు. బిగించిన ప్రతి బోల్టు మీదా బిగించినవాడే పసుపు రంగు చుక్క పెట్టాలి. ఇంజిన్ మీద ఎవరి చుక్కలుంటే వాళ్ళు మొదటి పరుగులో డ్రైవరు పక్కన కూర్చోవాలి. ఆ షెడ్డులో ఈ పద్ధతి తప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

లారీ వచ్చింది, ఖాళీగా పోయింది.

పని మొదలైంది. ఆమె ఇంజిన్ విప్పుతుంటే ఇల్లు విప్పుతున్నట్టు ఉండేది. ప్రతి ముక్కా గుడ్డలో చుట్టి వరసగా పేర్చేది. భర్త టర్బోకి కొత్త గొట్టాలు అతికే పనిలో ఉన్నాడు. కోపం పోలేదు గానీ, వేరేవాడు అతికితే ఆ అతుకు నమ్మలేడు. గొట్టం మీద అతకాల్సిన చోటల్లా ముందే సుద్దతో గుర్తులు పెట్టుకుని, తర్వాత ఒక్కొక్కటే అతుకుతూ పోతున్నాడు.

"పని కాకముందే గుర్తులేంటయ్యా? ఇదైపోయిందా, ఇంకా కావాలా? చూసేవాడికేం తెలుస్తుంది?" అంది ఆమె.

"వెల్డింగులో గుర్తు ముందే పెట్టుకోవాలి. మంట వెలిగాక కంటికేం కనిపించదు."

"మాకు బిగించాకే చుక్క."

"మీది సంసారుల పని. మాది గుడ్డివాళ్ళ పని," అని ముసుగు దించుకున్నాడు.

పటాసు రెండు రోజులు బుద్ధిగా ఉన్నాడు. మూడోనాడు పెట్రోలు బంకులో క్వారీవాడు ఎదురయ్యాడు. "మీ అక్కకి కళ్ళజోడొచ్చిందటగా? ఇంజిన్ కుడుతోందా, రవికె కుడుతోందా?" అన్నాడు. పటాసు హెల్మెట్ తీసి ఆ ముఖం మీద కొట్టాడు. ముక్కు చితికి పక్కకి తిరిగింది. వాడు కింద పడ్డాక ఇంకోసారి కొట్టాడు. ఇంటికొచ్చి హెల్మెట్‌కి అంటిన నెత్తుర్ని కుళాయి కింద కడుగుతుంటే అక్క చూసింది. ఆ నెత్తురు వీడిది కాదని తెలిసి ఆమె గుండె కుదుటపడింది. అలా కుదుటపడినందుకు తరవాత ఆమెకే భయం వేసింది.

గురువారం పొద్దునకి పని అయింది. హెడ్ బోల్టులు వరస ప్రకారం బిగించింది. బిగువు కొలిచే టార్క్ రెంచి ప్రతిదానికీ టక్కుమంది. గోళ్ళరంగు సీసాలో పోసుకున్న పసుపు రంగుని చిన్న కుంచెతో అద్ది, ఆవగింజంత చుక్కలు పెట్టింది. టర్బోకి నూనె తీసుకెళ్ళే సన్నటి గొట్టం చివరి నట్టు బిగించి దానికీ పెట్టింది. స్టార్టు చేస్తే ఉడుత కొత్త గొంతుతో, కొంచెం బొంగురుగా, నిలకడగా నడిచింది. ఎక్కడా నూనె చెమ్మ లేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మొదటి పరుగు అనుకున్నారు. ఆమె ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి పైకి వెళ్ళింది.

జీపు ఆగిన చప్పుడు పైకి వినిపించింది. తర్వాత గేటు విరిగిన చప్పుడు.

ఆమె తడి జుట్టుతోనే మెట్లు దిగింది. క్వారీ మనుషులు ఇనప చువ్వలతో లోపలికి వచ్చేశారు. ముక్కుకి కట్టుతో క్వారీవాడు జీపులోనే కూర్చుని వేలు చూపిస్తున్నాడు. పటాసు ఒకణ్ణి గొంతు పట్టుకుని నేలకేసి కొడుతున్నాడు. ఇంకొకడు వాడి వీపు మీద చువ్వతో బాదుతున్నాడు. ఆమె మూలనున్న పాత సైలెన్సర్ గొట్టం ఎత్తి ఆ బాదుతున్నవాడి మోకాళ్ళ మీద అడ్డంగా కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమె చేతుల్లోకి పాకింది. వాడు అరవడానికి నోరు తెరిచి, అరుపు రాక కూలిపోయాడు.

భర్త ఉడుత వైపునుంచి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ఒక చిన్న పానా ఉంది, వేలెడంతది. చుట్టూ బారెడేసి పానాలు వేలాడుతుంటే ఆ చిన్నదానితో వచ్చాడేమిటా అని ఆ గొడవలోనూ ఆమెకి నవ్వొచ్చింది. అతను దాన్ని పిడికిట్లో బిగించి ఎదురొచ్చినవాడి దవడ మీద గుద్దాడు. పళ్ళు రాలాయి. రెండోసారి గుద్దేసరికి పానా జారి మట్టిలో పడింది. ఆ తర్వాత ఒట్టి చేతులే. జీపు వెనక్కి తిరిగింది. నడవగలిగినవాళ్ళు నడవలేనివాళ్ళని ఈడ్చుకుపోయారు.

పటాసు నోట్లో నెత్తురు ఉమ్మాడు. కళ్ళు వెలిగిపోతున్నాయి. "కొండరోడ్డు మీదుగానే పోతున్నారు. ఇప్పుడే తీద్దాం ఉడుతని. ఎవడు ఎవణ్ణి దాటుతాడో చూద్దాం."

"ఒళ్ళు చూసుకోరా ముందు!"

"ఒళ్ళు బానే ఉంది. ఎక్కు అక్కా!"

ఆమె మట్టిలో కనిపించిన చిన్న పానాని అలవాటు కొద్దీ తీసి, తుడిచి జేబులో వేసుకుంది. షెడ్డులో వస్తువు నేలమీద ఉంటే ఆమె చెయ్యి ఊరుకోదు. ఉడుత దగ్గరికి వెళ్ళేసరికి పక్కసీట్లో భర్త బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"దిగు. అది నా సీటు."

"చుక్కలు చూడు."

ఆమె బానెట్ ఎత్తి టార్చి వేసింది. ఆవగింజంత చుక్కలు ఒక్కటి లేవు. వాటి చోట బఠాణీగింజంత చుక్కలు, అంచులు కారినవి, మొరటు చేతివి ఉన్నాయి. ఆమె పైకి వెళ్ళిన కాసేపట్లో ఆమె చుక్కలన్నీ పెట్రోలు గుడ్డతో తుడిచేసి, ప్రతిదీ వదులుచేసి తిరిగి బిగించి తన చుక్కలు పెట్టుకున్నాడన్నమాట. హెడ్ బోల్టులు చూసింది, ఉన్నాయి. టర్బో బోల్టులు చూసింది, ఉన్నాయి. నూనె గొట్టం నట్టు మీదా పెద్ద చుక్క తడితడిగా మెరుస్తోంది. ఆ షెడ్డులో చుక్క ఉందంటే బిగించారనే. ఆమె చెయ్యి పెట్టి చూడలేదు. కోపంగా బానెట్ మూసింది.

కిటికీ దగ్గరికి వచ్చి అద్దం మీద గుద్దింది. "నువ్వొట్టి మోసగాడివి. దిగు."

"దిగను."

"నాన్న ఉంటే..."

"మీ నాన్న ఉంటే నన్నే కూర్చోమనేవాడు. కూతురంటే ప్రాణం ఆయనకి." అద్దం కొంచెం దించి, ఆమె చిట్లిన పెదవి వైపు చూశాడు. "మందు రాసుకో. వచ్చేసరికి మానాలి."

ఆమె అలవాటు ప్రకారం వెనక్కి పిలవబోయింది. తాళం చెవి కారుకే ఉంది. గొడుగు పట్టే ఎండ లేదు. నోట్లోంచి మాట వచ్చేలోగా పటాసు కారు లాగించేశాడు.

రోడ్డు షెడ్డు వెనకనుంచే కొండెక్కుతుంది. ఆమె గేటు దగ్గర నిలబడి విన్నది. ఆ ఇంజిన్‌ని చూడకుండానే అది ఏ మలుపులో ఉందో చెప్పగలదు. మొదటి మలుపు. రెండోది. ఇక పొడవాటి ఎత్తు. కొత్త టర్బోది సన్నటి ఈల ఒకటి లేచింది. దాని వెనకే ఉడుత ఇదివరకెప్పుడూ లాగనంత బలంగా లాగింది. బాగుంది. ఒప్పుకోక తప్పదు, చాలా బాగుంది. చేతులు చల్లగా అనిపించి జేబులో పెట్టుకుంది. చిన్న పానా తగిలింది. బయటికి తీసింది.

ఆ సైజు పానా ఉడుత మీద ఒకేచోట పడుతుంది. నూనె గొట్టం నట్టుకి.

అప్పుడు ఆమెకి అంతా అర్థమైంది. చుక్కలన్నీ ముందే పెట్టేసుకున్నాడు, గొట్టం మీద సుద్ద గుర్తులు పెట్టుకున్నట్టు. తర్వాత ఒక్కొక్కటే వదులుచేసి బిగించుకుంటూ వచ్చాడు. ఆఖరి నట్టు వదులుచేశాడు. అప్పుడు జీపు వచ్చింది. చేతిలో ఉన్న పానాతోనే పరిగెత్తుకొచ్చాడు.

ఆమె కొండ వైపు పరిగెత్తింది. "ఆపండిరా!" అని అరుస్తోంది. పైన ఈల ఒక్కసారిగా తెగిపోయింది. టైర్లు కీచుమన్నాయి. రాతికి ఇనుము కొట్టుకున్న చప్పుడు లోయంతా తిరిగింది. తర్వాత నల్లటి పొగ లేచింది. ఎర్రగా కాలిన టర్బో మీద నూనె చిమ్మితే వచ్చే పొగ అది. దాని వాసన ఆమెకి తెలుసు.

ఆమె చేరేసరికి కారు పక్కసీటు వైపు రాయికి అతుక్కుపోయి ఉంది. ఆ తలుపు తెరుచుకునే దారి లేదు. పటాసు ఇవతలి తలుపులోంచి సగం లోపలికి దూరి బావ చేతులు పట్టుకుని లాగుతున్నాడు. మంట డాష్‌బోర్డు మీదుగా లోపలికి వచ్చేసింది. "బెల్టు రావట్లేదు బావా, బెల్టు!" అని ఏడుస్తున్నాడు. లోపలినుంచి ఒక కాలు లేచి వాడి రొమ్ము మీద బలంగా తన్నింది. వాడు వెల్లకిలా రోడ్డు మీద పడ్డాడు. మళ్ళీ లేవబోతే అక్క వాడి మీద పడి అదిమింది. వాడు ఆమెని కొట్టాడు, కొరికాడు, జుట్టు పీకాడు. ఆమె వదలలేదు. మంట పూర్తిగా లేచేదాకా వదలలేదు.

పటాసు అరచేతుల చర్మం తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత వాడు ఎక్కడికీ పోలేదు. ఆ ఇంటి పైగదిలోనే ఉన్నాడు. జిప్పు తెగిన బ్యాగు మంచం కింద అలాగే ఉంది.

ఆమె భర్త ఆ గురువారం మధ్యాహ్నం భోజనం చెయ్యకుండా ఉడుతలో పక్కసీట్లో కూర్చుని వెళ్ళాడు. తిరిగి రాలేదు.